చెరి సగం మార్కులు

మా స్కూల్లో నాకు లౌక్యం తెలిసిన టీచరని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో ముందు చెబుతాను.

గుడివాడ చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. పదో తరగతిలో పరిణామం పాఠమంటే నాకు చాలా ఇష్టం. గుర్రం కాలివేళ్ళు తగ్గుతూ తగ్గుతూ గిట్టగా మారడం, కొంత పక్షిలా కొంత బల్లిలా ఉండే ఆర్కియోప్టెరిక్స్, మన కడుపులో ఇంకా మిగిలి ఉన్న ఉండుకం... బోర్డు మీద బొమ్మలేసి చెబుతుంటే పిల్లలు కదలకుండా వినేవాళ్ళు. ఒకసారి యూనిట్ పరీక్షలో 'జీవపరిణామానికి నిదర్శనాలు రాయండి' అని నాలుగు మార్కుల ప్రశ్న ఇచ్చాను. ఒక కుర్రాడు మత్స్యావతారంతో మొదలుపెట్టి కూర్మం, వరాహం, నరసింహం మీదుగా రాముడి దాకా వచ్చి ఆపాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. శిలాజం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. సున్నా వేశాను.

మర్నాడు వాళ్ళ తాతగారు వచ్చారు. ఊళ్ళో పెద్దమనిషి. స్కూలుకి రెండు గదులు కట్టించినాయన. "మీ పుస్తకంలో ఉన్నదీ ఒక మాటే, మన పెద్దలు చెప్పిందీ ఒక మాటే కదమ్మా, మా వాడిది పూర్తిగా తప్పెలా అవుతుంది?" అన్నారు. కోపంగా కాదు, నెమ్మదిగానే. హెడ్మాస్టరుగారు నా వంక చూశారు. నేను ఎర్ర పెన్ను తీసి సున్నా కొట్టేసి రెండు వేశాను. చెరి సగం. తాతగారు సంతోషించారు. హెడ్మాస్టరుగారు ఊపిరి పీల్చుకున్నారు. మంచి పనే చేశానని నేనూ అనుకున్నాను.

2005లో రిటైరయ్యాను. ఆ ఆగస్టులో అమ్మాయి పురుడు కోసం అమెరికా వెళ్ళాను. పెన్సిల్వేనియా రాష్ట్రంలో హ్యారిస్‌బర్గ్ ఊరు. సెప్టెంబరు చివరి వారంలో మనవరాలు పుట్టింది. ఆ వారంలోనే, 26వ తేదీన, ఆ ఊళ్ళోని ఫెడరల్ కోర్టులో ఒక విచారణ మొదలైంది. పాపకు నూనె రాసి నీళ్ళు పోసి పడుకోబెట్టాక నాకు దొరికే గంటసేపూ పేపర్లో ఆ కేసు గురించే చదివేదాన్ని.

హ్యారిస్‌బర్గ్‌కి కాస్త దూరంలో డోవర్ అనే చిన్న ఊరుంది. 2004 అక్టోబరులో అక్కడి స్కూలు బోర్డు ఒక తీర్మానం చేసింది. తొమ్మిదో తరగతి బయాలజీలో పరిణామం మొదలుపెట్టేముందు పిల్లలకు ఒక ప్రకటన చదివి వినిపించాలట. డార్విన్ చెప్పింది సిద్ధాంతమే గానీ రుజువైన నిజం కాదు, అందులో ఖాళీలున్నాయి, 'ఇంటెలిజెంట్ డిజైన్' అని ఇంకో వివరణ ఉంది, కావాలంటే ఫలానా పుస్తకం చూడండి అని దాని సారాంశం. ప్రాణుల్ని తెలివైన శక్తి ఏదో రూపొందించిందనేది ఆ రెండో వివరణ. సైన్స్ టీచర్లు మేం చదవం అన్నారు. చివరికి స్కూలు అధికారులే క్లాసుకొచ్చి చదివారు. పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు.

టీచర్లు చదవం అన్నారన్న వాక్యం దగ్గర నా చూపు ఆగింది. నా ఎర్ర పెన్ను గుర్తొచ్చింది. పేజీ తిప్పేశాను.

అప్పటికే ఇంట్లో ఇంకో సంగతి నలుగుతోంది. అమ్మాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామరు. వాళ్ళ టీమ్ లీడు ఏడాదిగా దాన్ని వేధిస్తున్నాడు. ముందు చీరకట్టు గురించి, ఒంటి గురించి వ్యాఖ్యలు. తర్వాత రాత్రి పదకొండుకి మెయిళ్ళు. ఒకసారి రిలీజ్ రోజున అందరూ వెళ్ళిపోయాక కుర్చీ వెనక నిలబడి భుజాల మీద చేతులు వేశాడట. జూన్‌లో అమ్మాయి హెచ్.ఆర్.కి ఫిర్యాదు చేసింది. వాళ్ళు దాన్ని పిలిచి అడిగారు, అతన్ని పిలిచి అడిగారు. 'మీరొకటి చెబుతున్నారు, ఆయనొకటి చెబుతున్నారు, ఇద్దరి మాటా మాకు సమానమే' అని ఫైలు మూసేశారు. మళ్ళీ అదే టీమ్‌లో, అదే మనిషి కింద పని. అల్లుడికీ దానికీ గ్రీన్‌కార్డు దరఖాస్తు ఆ కంపెనీ ద్వారానే నడుస్తోంది. మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

నేను దిగిన వారానికే అమ్మాయి ఇదంతా చెప్పుకుని ఏడ్చింది. కన్నతల్లిని, నేనేమన్నానో తెలుసా? "రెండు చేతులూ కలిస్తేనే కదే చప్పట్లు. నువ్వు కాస్త గంభీరంగా ఉండు. వాళ్ళూ ఇద్దర్నీ అడిగారు కదా, ఇంకేం చేస్తారు?" అన్నాను. అమ్మాయి కళ్ళు తుడుచుకుని లేచిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అక్టోబరు మధ్యకి కోర్టులో డిజైన్ పక్షం ముఖ్యసాక్షి వచ్చాడు. మైకేల్ బిహీ అనే బయోకెమిస్ట్రీ ప్రొఫెసరు. మన ఒంటి రోగనిరోధక వ్యవస్థ పరిణామంలో ఎలా వచ్చిందో చెప్పే పరిశోధనలు లేవన్నది ఆయన వాదం. అవతలి లాయరు యాభై ఎనిమిది పరిశోధనా వ్యాసాలు, పైన కొన్ని పుస్తకాలు తెచ్చి ఆయన ముందు పేర్చాడు. ఇవన్నీ చూసి కూడా చాలవంటారా అంటే, చాలవనే అన్నాడాయన. సైన్స్ సిద్ధాంతానికి మీరిచ్చే నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా సిద్ధాంతమే అవుతుందా అని అడిగితే, అవుతుందని ఒప్పుకున్నాడు.

అంతకుముందే ఇంకో తమాషా బయటపడింది. పిల్లలకు చూడమన్న పుస్తకం పేరు 'ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్'. పరిణామంతో పాటు సృష్టివాదాన్నీ బడిలో చెప్పి తీరాలన్న లూసియానా చట్టాన్ని 1987లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఈ పుస్తకం చిత్తుప్రతిలో 'క్రియేషనిస్ట్స్' అన్నచోటల్లా 'డిజైన్ ప్రొపొనెంట్స్' అని మార్చుకుంటూ పోయారు. ఒకచోట చెరిపింది సరిగ్గా చెరగక రెండు మాటలూ అతుక్కుని 'సిడిజైన్ ప్రొపొనెంట్సిస్ట్స్' అయి కూర్చుంది. కాపీ కొట్టిన కుర్రాడు పక్కవాడి హాల్‌టికెట్ నంబరు కూడా ఎక్కించేసినట్టు. ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దిన నాకు నవ్వాగలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను రెచ్చిపోయాను. "రెండు వైపులూ చెప్పాలట! ఒక వైపు నూట యాభై ఏళ్ళ సాక్ష్యం ఉంది. రెండో వైపు ఉన్నది నోటిమాట. రెండూ సమానమని పిల్లలకు చెబితే అది చర్చ ఎలా అవుతుంది?"

అమ్మాయి పాపను ఒళ్ళో వేసుకుని తింటోంది. తలెత్తకుండానే అంది. "డార్విన్‌కి అన్యాయం జరిగితే నీకు ఇంత కోపం వచ్చిందే అమ్మా. నా విషయంలో నువ్వూ రెండు చేతులూ కలిస్తేనే అన్నావు."

అల్లుడు లేచి వెళ్ళి మంచినీళ్ళ జగ్గు నింపుకొచ్చాడు. అది అప్పటికే నిండుగా ఉంది.

కాసేపటికి అమ్మాయి గదిలోంచి ఒక ఫైలు తెచ్చి నా పక్కన పెట్టింది. అందులో పద్నాలుగు మెయిళ్ళు, తేదీల వారీగా. ఏ రోజు ఏమన్నాడో, అప్పుడు పక్కన ఎవరున్నారో రాసుకున్న నోట్సు. ఇద్దరు సాక్షుల పేర్లు. హెచ్.ఆర్. వాళ్ళు ఆ ఇద్దరిలో ఒక్కర్నీ పిలవలేదు. మెయిళ్ళు ఇస్తానంటే, అవసరమైతే అడుగుతామన్నారు. అడగలేదు. ఆ రాత్రంతా కూర్చుని చదివాను. ఆగస్టు నుంచీ ఆ ఫైలు అదే ఇంట్లో ఉంది. చూపించమని నేను ఒక్కసారైనా అడగలేదే!

ఒక మెయిల్లో అతను రాశాడు: మగవాడి బుద్ధి వేటాడటానికే తయారైంది, నా తప్పేముంది, వెళ్ళి డార్విన్‌ని అడుగు అని. నేను ప్రాణంగా చెప్పుకున్న పాఠం ఆ నోట్లో ఎంత నీచంగా తయారైందో చూసి ఒళ్ళు మండింది. ఏది ఎలా వచ్చిందో చెప్పడమే పరిణామశాస్త్రం పని. వచ్చిందంతా మంచిదని అది ఎన్నడూ అనలేదు. ఉండుకం కూడా పూర్వీకులు ఇచ్చిందే. అది వాస్తే డార్విన్‌ని తలుచుకుంటూ కూర్చోం, ఆస్పత్రికి పరుగెత్తి కోయించుకుంటాం.

తెల్లారేసరికి నాకు ఒక సంగతి తేటపడింది. రెండు వైపులా వినడం వేరు, ఇద్దరికీ చెరి సగం మార్కులు వేయడం వేరు. వినాల్సిందే. ఆ టీమ్ లీడుకీ తన మాట చెప్పుకునే హక్కుంది. నింద పడ్డ ప్రతివాడూ దోషి కాడు. ఆ కోర్టు మాత్రం డిజైన్ పక్షాన్ని వినలేదా? నవంబరు 4 దాకా, ఆరు వారాల పాటు వినింది. కానీ విన్న తర్వాత ఒక పనుంటుంది. ఏ మాట వెనక ఏ సాక్ష్యం ఉందో తూచాలి. ఆ పని ఎగ్గొట్టడానికే చెరి సగం అంటాం. అప్పుడు అసలు ఏమీ చూపించలేనివాడికే సగం లాభం.

నేను అమ్మాయికి క్షమాపణ చెప్పాను. తల్లులు పిల్లలకు క్షమాపణ చెప్పే అలవాటు మన ఇళ్ళలో లేదు. నాకూ మాటలు సరిగ్గా రాలేదు. ఇద్దరం కూర్చుని రెండో ఫిర్యాదు రాశాం. 'సాక్షుల్ని పిలవండి, మెయిళ్ళు చదవండి, చదివి మీ నిర్ణయం కారణాలతో రాసివ్వండి' అని అడిగాం. తనకేమనిపించిందో రాసిన వాక్యాలు తీసేసి, ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో మాత్రం ఉంచాం. దిద్దడం నాకు వచ్చిన పనే కదా.

డిసెంబరు 20న డోవర్ కేసులో తీర్పు వచ్చింది. నూట ముప్పై తొమ్మిది పేజీలు. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్స్ కాదు, దాన్ని బయాలజీ క్లాసులో చెప్పించడం రాజ్యాంగ విరుద్ధం అని జడ్జి జాన్ జోన్స్ తేల్చారు. ఆయన్ని నియమించింది అధ్యక్షుడు బుష్. మా వాడేలే అని బోర్డు పక్షం వాళ్ళు అనుకుని ఉంటే అనుకుని ఉండవచ్చు, ఆయన మాత్రం సాక్ష్యం చూశారు.

మా ఇంటి తీర్పు అంత ఘనంగా రాలేదు. ఈసారి ఒక సాక్షిని పిలిచారు. రెండో అమ్మాయి భయపడి రానంది. లీడుని వేరే ప్రాజెక్టుకి మార్చారు. తప్పు జరిగిందని కాగితం మీద రాయలేదు. మా అమ్మాయికి ఆ ఏడు రావాల్సిన ప్రమోషన్ రాలేదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన నెలలోనే ఆ కంపెనీ వదిలేసింది.

2017 ఫిబ్రవరిలో సుసాన్ ఫౌలర్ అనే ఇంజినీరు ఉబర్‌లో తనకు జరిగింది రాసి బయటపెట్టినప్పుడు అమ్మాయి ఫోన్ చేసి చదివి వినిపించింది. కొత్త టీమ్‌లో మొదటి రోజే మేనేజరు ఆఫీసు చాట్‌లో వెకిలి సందేశాలు పంపాడు. వాటి ఫొటోలు తీసి ఇస్తే, ఇది అతని మొదటి తప్పు, పనిలో దిట్ట అన్నారట. తర్వాత చూస్తే అతని మీద అంతకుముందే వేరే ఆడపిల్లలు ఫిర్యాదు చేసి ఉన్నారు. ఆ జూన్‌లో కంపెనీ ఇరవై మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది, అధిపతి ట్రావిస్ కలానిక్ దిగిపోయాడు. "ఆవిడా తేదీలు రాసి పెట్టుకుందమ్మా" అంది మా అమ్మాయి.

మన దగ్గర 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో చట్టం వచ్చింది. పది మంది పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పెద్ద హోదాలోని మహిళ అధ్యక్షురాలు, కనీసం సగం మంది ఆడవాళ్ళు, బయటి నుంచి ఒకరు. మామూలుగా మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. ఇద్దర్నీ వినమంటుంది చట్టం. విని ఏం తేలిందో నివేదిక రాయమనీ అంటుంది. ఈ రెండో వాక్యాన్ని కమిటీలో కూర్చునేవాళ్ళు గోడకి అంటించుకుంటే బాగుండును.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో 'అనువంశికత – పరిణామం' పాఠం కాస్తా 'అనువంశికత'గా మిగిలింది. పిల్లలకు భారం తగ్గించడానికన్నారు. పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు, చదువుకున్నవాళ్ళు వద్దని సంతకాలు చేశారు. పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉంది, కానీ బయాలజీ తీసుకున్నవాళ్ళకే. కంప్యూటర్ల వైపు వెళ్ళే పిల్లలకు శిలాజాలు చూపించి వాదించడం ఎవరు నేర్పుతారు? ఆ వార్త చదివిన రోజు నాకు ప్రభుత్వం మీద కంటే నా మీదే ఎక్కువ కోపం వచ్చింది. సున్నాని రెండు చేసినదాన్ని నేనే కదా. ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టి, 'అవతారాలు భక్తికి నాయనా, ఈ ప్రశ్నకి శిలాజం కావాలి' అని చెప్పి మళ్ళీ రాయించి ఉంటే, తాతగారు కూడా వినేవారేమో. నేను అడిగి చూడలేదు.

ఆనాటి పాపకి ఇరవై ఏళ్ళు నిండాయి. అదీ కంప్యూటర్లే చదువుతోంది. ఈ ఎండాకాలం ఏదో కంపెనీలో పని నేర్చుకోవడానికి వెళ్తుందట. మొన్న ఫోన్లో, "అమ్మమ్మా, ఫస్ట్ టైమ్ ఆఫీసు కదా, ఏమైనా అడ్వైజ్ ఇస్తావా?" అంది. గంభీరంగా ఉండమని చెప్పలేదు. ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కోమన్నాను, మంచి పనులూ చెడ్డ పనులూ తేదీ వేసి రాసుకోమన్నాను.

"అంతేనా?" అని నవ్వింది.

"ఏదైనా జరిగితే ముందు నాకు చెప్పు. ఈసారి ఫైలు నేనే అడుగుతాను" అన్నాను.

అది వాళ్ళమ్మకి ఫోన్ ఇచ్చింది. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత అమ్మాయి, "భోంచేశావా అమ్మా?" అని అడిగింది.