సాగరతీర పథమున శునక సహచర్యము



మహాభారతమును ఆద్యంతములు కలిపి చూచినవారికి ఒక విశేషము గోచరించును. ఆదిపర్వారంభమున జనమేజయుని సత్రయాగము చెంతకు వచ్చిన సారమేయుని రాజసోదరులు నిష్కారణముగా కొట్టిరి. హవిస్సు వంక చూడనైన చూడని తన బిడ్డను ఏల కొట్టితిరని తల్లియైన సరమ అడిగినది. వారి వద్ద సమాధానము లేకపోయినది. మహాప్రస్థానిక పర్వమునందు పాండవులైదుగురు, ద్రౌపది హస్తినాపురమును వీడి పోవుచుండగా ఒక శునకము ఏడవదై వారిని అనుసరించినది. నిరపరాధియైన శునకమునకు జరిగిన అన్యాయము మొదట, శునకరూపమున వచ్చిన ధర్మదేవత పిదప. వ్యాసభగవానుని ఈ కూర్పు ఆలోచింపదగినది.

స్వర్గారోహణ వేళ ఇంద్రునితో జరిగిన సంవాదము అందరికిని తెలిసినదే. దానికి ముందటి భాగమును మనము త్వరగా దాటిపోవుదుము. పాండవులు సరాసరి హిమాలయమునకు పోలేదు. తొలుత తూర్పున లౌహిత్య సాగరమును చేరిరి. అచట అగ్నిదేవుని ఆదేశమున అర్జునుడు గాండీవమును, అక్షయ తూణీరములను జలములలో విడిచెను. ఆపై లవణసముద్ర తీరము వెంబడి సాగి, పశ్చిమమున నీట మునిగిన ద్వారకను చూచి, ఉత్తరమునకు మరలిరి. కావున ఆ మహాయాత్రలో శునకము మంచుకొండల కంటె ముందు సముద్రతీరమును చూచినది.

ఈ ఘట్టమును పురాణ కాలక్షేపమున అనేక పర్యాయములు చెప్పియున్నాను. దాని తాత్పర్యము నాకు అనుభవమునకు వచ్చినది మాత్రము భీమునిపట్టణ తీరమున. ఆలయమున నా వంతు లేని దినములలో ప్రాతఃసంధ్య ముగించుకొని, ఎఱ్ఱమట్టి దిబ్బల నుండి భీమిలి వరకు నాలుగైదు కిలోమీటర్లు ఇసుకపై నడచుట నాకు పదేండ్ల అలవాటు. తోడు వచ్చునది మా వీధిలో పుట్టి మా గడప వద్ద పెరిగిన నల్లని కుక్క. దాని పేరు భైరవ.

అర్చకునకు శునకస్పర్శ తగునా అని కొందరు భక్తులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. శౌచ నియమములు ఉన్నవి, వానిని నేను పాటింతును. భైరవ ప్రాకార ద్వారము దాటి రాదు. స్నానమాచరించి మడి కట్టుకొననిదే నేను స్వామిని తాకను. కాని శౌచము నన్ను దేవతార్చనకు సిద్ధపరచు నియమము. అన్యప్రాణిని హీనముగా చూచుటకు అది అనుమతి కాదు. గీతాచార్యుడు ఐదవ అధ్యాయమున సమదర్శనమును వివరించుచు ఎంచిన ఉదాహరణలలో శునకమును ఉన్నది. సమదర్శనము వేరు, సమవర్తనము వేరు అని మా గురువుగారు పాఠమున చెప్పెడివారు. గోవునకు గడ్డి, కుక్కకు అన్నము. చూపు మాత్రము ఒక్కటే.

మా మార్గము రమణీయమైనది. యుగయుగాల గాలి, వాన, సముద్రము కలిసి కూర్చిన ఎఱ్ఱని దిబ్బలు, వాన కోసిన ఇరుకు లోయలు ఒకవైపు, నీలజలధి వేరొకవైపు. దిబ్బల అంచులు గట్టిగా కనిపించును గాని పాదము మోపిన జారిపోవును. అందుచే పైకి ఎక్కక, అడుగునే నడచుదుము. దక్షిణమున విశాఖ దిక్కుగా తొట్లకొండ ఉన్నది. వర్షజలమును నిలుపుటకు బౌద్ధభిక్షువులు రాతిలో తొలిచిన తొట్లే ఆ కొండకు పేరైనవి. ఉత్తరమున భీమిలిలో పావురాళ్ల కొండపై నృసింహస్వామి కొలువై యున్నాడు.

పొద్దు బారెడెక్కు లోపలనే మరలవలెను. కుక్కకు మనవలె దేహమంతట చెమట పట్టదు. ముఖ్యముగా రొప్పుటచే తాపమును తగ్గించుకొనును. ఇసుక మన అరచేతికి ఓర్వరానిదైనచో దాని పాదములకును అంతే. ఉప్పునీరు త్రాగనీయరాదు, మంచినీరు వెంట ఉండవలెను.

ఇక అసలు విషయము. మాఘ ఫాల్గుణములలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఈ తీరమునకు వచ్చి, ఇసుకలో గుంట తీసి, సుమారు 100 గుడ్లు పెట్టి, కప్పి, సముద్రమునకు మరలును. 45 నుండి 60 దినములు ఆ గుడ్లకు ఇసుకయే తల్లి. వానికి కుక్కల వలన కలుగు ముప్పు పెద్దది. రెండేండ్ల క్రితము ఫాల్గుణమున ఒక వేకువన భైరవ ముక్కు నేలకు ఆన్చి, ముందుకాళ్లతో ఆత్రముగా త్రవ్వసాగినది. త్రాడు నా చేత నుండుటచే వెనుకకు లాగితిని. అది మొండికేసి మూలిగినది. దూరమున నాలుగైదు వీధికుక్కలు మావైపే చూచుచుండెను. వానికి త్రాడు లేదు. కదలిపోయిన ఏమగునో తెలియుచునే యున్నది. గుడ్లను అటవీశాఖ సంరక్షణ కేంద్రమునకు చేర్చు మత్స్యకార యువకులు వచ్చువరకు గంటసేపు అచటనే నిలిచితిని. ఎండ ముదిరినది, తెచ్చిన నీరంతయు భైరవకే పోసితిని.

వచ్చిన యువకుడు ఇసుకను సున్నితముగా తొలగించి, “పంతులుగారూ, రాత్రి గాలికి జాడ చెరిగిపోనాది. మీ కుక్క సూపించకపోతే మాకూ తెలీదు” అన్నాడు.

ఆ మాట నన్ను చాలకాలము వెంటాడినది. నాశనము చేయబోయిన ఘ్రాణమే రక్షణకు మార్గమైనది. భేదమంతయు త్రాడులో ఉన్నది. కఠోపనిషత్తు ఇంద్రియములను అశ్వములుగను, మనస్సును పగ్గముగను చెప్పినది కాని, అశ్వములను చంపుమని చెప్పలేదు. వాసనను అనుసరించుట శునకమునకు స్వభావము, అందు దానికి పాపము లేదు. వివేకము మనది గనుక భారమును మనదే. భైరవ నన్ను ఆశ్రయించినది. ఆ గుడ్లు ఇసుకను ఆశ్రయించినవి. నా ఆశ్రితునిపై ప్రేమ పరుల ఆశ్రితునకు హింస కాకుండ కాపాడునదే ఆ త్రాడు. అది శునకము మెడ కంటె ముందు పట్టినవాని చేతిని కట్టును. ధర్మరాజు కోరిన ఆనృశంస్యమునకు, అనగా క్రూరత్వము లేకుండుటకు, నాకు తెలిసిన నిత్యసాధన ఇదియే.

ఇప్పుడు భైరవకు పండ్రెండేండ్లు. వెనుకకాళ్లు తడబడుచున్నవి. భీమిలి వరకు రాలేదు; సగము దారిలో కూర్చుండి నా ముఖము చూచును. అది ఆగినచోటనే నా నడకయు ఆగును. కొండపై స్వామికి అచటి నుండియే నమస్కరించి మరలుదును.

సాధకులారా, తీరమునకు శునకముతో పోవువారు శిశిరమునందును వసంతమునందును త్రాడు విడువకుడు. తాబేటి జాడ కనిపించిన తాకక, అటవీశాఖవారికి తెలుపుడు. అదియును ఈశ్వరార్చనయే.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.