విద్యుత్ సైకిలును కారుకు ఎక్కించే ముందు

మా గూడూరు వీధులలోనూ అరవై దాటినవారు విద్యుత్ సైకిళ్ల మీద కనిపించడం మొదలైంది. మోకాళ్లు అరిగి, నడక తగ్గించుకున్న కొందరు నన్ను అడిగినప్పుడు సంతోషంగానే కొనుక్కోమన్నాను. మోటారు సాయం తీసుకుంటూనే తొక్కడం మానకపోతే అది నిజమైన వ్యాయామమే. తొక్కుతూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేని స్థితిలో ఉన్నారంటే మీది మధ్యస్థ శ్రమ అన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఉండాలని చెప్పే శ్రమ ఇదే. కాళ్లు కదపకుండా మోటారు మీదే పోతే మాత్రం అది షికారు; దానికి నా అభ్యంతరమేమీ లేదు, వ్యాయామం లెక్కలో వేయకండి, అంతే.

అయితే ఇప్పుడు చెప్పదలచుకున్నది తొక్కడం గురించి కాదు, మోయడం గురించి.

చలికాలం రాగానే పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు, నేలపట్టుకు గూడబాతులు వస్తాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు సరస్సు మధ్యగా సాగే దారి చదునైనది. మోకాళ్ల నొప్పులవారికి అంతకంటే మంచి సైకిలు బాట మన ప్రాంతంలో నాకు తెలియదు. కానీ గూడూరు నుంచి సూళ్లూరుపేట 55 కిలోమీటర్లు. లారీలు తెరిపి లేకుండా పరుగెత్తే 16వ నంబరు జాతీయ రహదారి మీద సైకిలు తొక్కుతూ వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. కనుక సైకిలును కారుకు కట్టుకొని వెళ్లాలన్న ఆలోచన సహజమే. చిక్కు అక్కడే మొదలవుతుంది.

నాకు తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి, కారు పైకప్పు మీద ర్యాక్ బిగించుకొని సైకిలును ఒంటరిగా పైకెత్తారు. ఆ తర్వాత మూడు వారాలు మంచం దిగలేదు. "డాక్టరుగారూ, తొక్కినన్నాళ్లూ రాని నొప్పి ఒక్కసారి ఎత్తితే వచ్చిందేందండీ?" అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది.

మామూలు సైకిలు 12 నుంచి 15 కిలోలు. మోటారు, బ్యాటరీ, మడ్‌గార్డులు, వెనుక క్యారియర్, స్టాండు చేరిన విద్యుత్ సైకిలు 20 నుంచి 25 కిలోలు తూగుతుంది. బరువులెత్తే పనివారి కోసం అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన గరిష్ఠ బరువు 23 కిలోలు. అనుకూలమంటే బరువు ఒంటికి దగ్గరగా, నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, నడుము తిరగకూడదు. సైకిలుకు హ్యాండిలూ పెడళ్లూ అడ్డం. అది ఒంటికి అర మీటరు దూరంలో ఉంటే ఆ 23 కిలోలు సగానికి పడిపోతాయి. దానిని 150 సెంటీమీటర్ల ఎత్తుకు, అంటే కారు పైకప్పు దాకా ఎత్తాలంటే మరింత తగ్గి సుమారు 9 కిలోల దగ్గర ఆగుతాయి. మాస్టారు ఎత్తినది దానికి రెండింతలకు పైమాటే. పైగా వయసుతో వెన్నుపూసల మధ్య డిస్కులలో నీటి శాతం తగ్గుతుంది. వంగి, తిరిగి ఎత్తినప్పుడు ఆ ఒత్తిడి నేరుగా వాటి మీదే పడుతుంది.

ఊపిరి బిగబట్టి ఎత్తేటప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారు, గిలక ఉన్నవారు, ఇటీవల కంటిశుక్లం ఆపరేషను చేయించుకున్నవారు ఈ పనికి అసలు పూనుకోవద్దు. ఎత్తిన తర్వాత నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరి, బలహీనత కనిపించినా, మూత్రం మీద అదుపు తప్పినా మర్దనలతో కాలయాపన చేయక ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

పైకప్పు మాట మరిచిపోండి. డిక్కీకి పట్టీలతో వేలాడదీసే ర్యాక్‌లు చాలావరకు తేలిక సైకిళ్ల కోసం చేసినవి. ఒక్కో సైకిలుకు ఎంత బరువని వాటి మీద రాసి ఉంటుంది, చూసి కొనండి. సైకిలు నంబరు ప్లేటునూ వెనుక దీపాలనూ కప్పివేయకూడదు. టైరు పొగగొట్టానికి ఎదురుగా రాకూడదు. చక్రాలు రెండూ పళ్లెం వంటి గాడిలో కూర్చునే ర్యాక్ ఉత్తమం. అయితే వాటిలో కొన్నింటికి ముందు చక్రాన్ని పైనుంచి అదిమిపట్టే కొక్కెం ఉంటుంది. మడ్‌గార్డు ఉన్న సైకిలుకు ఆ కొక్కెం టైరు మీద కాక మడ్‌గార్డు మీద కూర్చుంటుంది. బిగించినకొద్దీ అది వంగుతుంది, దానిని పట్టి ఉంచే సన్నని కడ్డీలూ వంగుతాయి. చూడడానికి చిన్న విషయం. కానీ ఆ కడ్డీ ఊడి చువ్వలలో చిక్కుకుంటే ముందు చక్రం ఒక్కసారిగా ఆగి, మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. మన వయసులో ఆ పడడమంటే మణికట్టు, లేదా తుంటి. రక్తం పలుచనయ్యే మందులు వాడుతున్నవారు తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నామనిపించినా పరీక్ష చేయించుకోవలసిందే. కనుక మడ్‌గార్డుల సైకిలుకు ఫ్రేమును పట్టుకొనే చేయి ఉన్న ర్యాక్ తీసుకోండి. చక్రాలను కింది భాగంలో, మడ్‌గార్డు లేని చోట పట్టీలతో కట్టండి.

బ్యాటరీని ముందే తీసివేస్తే రెండున్నర నుంచి నాలుగు కిలోల దాకా బరువు తగ్గుతుంది. దానిని కారు లోపల నీడలో ఉంచండి. ఎండలో ఆపిన కారులో వదలి వెళ్లకండి. అది ఊడిన చోటుకు ఒక ప్లాస్టిక్ సంచి చుడితే మంచు, వాన లోపలికి పోవు.

నన్నడిగితే ర్యాక్ కంటే ట్రాలీ ఆటో మేలు. ఒక గట్టి పలక వాలుగా వేసి ఇద్దరు నెట్టుకుంటూ ఎక్కించవచ్చు, ఎత్తే పనే ఉండదు. హ్యాచ్‌బ్యాక్ కారుంటే వెనుక సీటు మడిచి, ముందు చక్రం విప్పి లోపల పడుకోబెట్టండి. డిక్కీ గడప ఎత్తు ఇందాక చెప్పిన 75 సెంటీమీటర్లకు దగ్గరగానే ఉంటుంది. అప్పుడూ ఇద్దరే ఎత్తాలి.

దింపిన తర్వాత ఐదు నిమిషాలు నడవండి. గంటసేపు కారులో కూర్చున్న నడుము అది. ముందు చక్రాన్ని కాస్త లేపి చేత్తో తిప్పి, మడ్‌గార్డు ఎక్కడైనా రాసుకుంటోందేమో వినండి. సాయంత్రం తిరిగి ఎక్కించేటప్పుడు ఒళ్లు అలసి ఉంటుంది, వెలుతురు తగ్గి ఉంటుంది. పక్కన టీ దుకాణంలో ఉన్న కుర్రవాడిని ఒక చేయి వేయమని అడగండి. మన ప్రాంతంలో కాదనేవారు ఉండరు.