మత్తడి నుంచి కెరటాల దాకా...

ఉప్పునీటిలో చేపలు పట్టాలంటే తేలికైన స్పిన్నింగ్ రీలు కావాలి. ఏది కొనాలో తెలియాలంటే ముందు చెరువు గట్టెక్కాలి!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఈ మూడు జిల్లాల్లో ఏ మూల నిలబడినా సముద్రపు గాలి తగలదు. ఉన్నవల్లా చెరువులు, కుంటలు, వాగులు, ఓ అంచున గోదావరి. వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకిందంటే చాలు, వలలూ గాలాలూ బయటికొస్తాయి. వెదురు కర్ర, తంగూసు దారం, బెండు, కొక్కేనికి గుచ్చిన ఎర్ర... తరతరాలుగా ఇక్కడి గాలం ఇంతే. ఇప్పుడు ఆ కర్రల మధ్య అక్కడక్కడా రీలు బిగించిన రాడ్లూ కనిపిస్తున్నాయి. పట్టుకున్నవాళ్లలో చాలామందికి ఓ కోరిక... ఎప్పుడైనా బాపట్ల సూర్యలంకకో, విశాఖకో వెళ్లి ఇదే రీలుతో సముద్రపు చేపను పట్టాలని!

పట్టొచ్చా? పట్టొచ్చు. కాకపోతే కొనేటప్పుడే ఉప్పును గుర్తుపెట్టుకోవాలి.

కండె నేర్పిన పాఠం

స్పిన్నింగ్ రీలు వెనక ఓ నేత కథ ఉంది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ బట్టల మిల్లులకు పేరున్న ఊరు. అక్కడి మిల్లు యజమాని ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో ఈ తరహా రీలుకు పేటెంటు తీసుకున్నాడు. మగ్గం మీద కండెను చూసినవాళ్లకు దీని కిటుకు చటుక్కున అర్థమవుతుంది. కండె తిరగదు, దాని కొస నుంచి దారం మాత్రం జారిపోతూ ఉంటుంది. రీలులో స్పూలూ అంతే. విసిరినప్పుడు కదలకుండా ఉంటుంది, దారం చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. అందుకే ఐదారు గ్రాముల చిన్న ఎర కూడా దూరంగా వెళ్లి పడుతుంది. హ్యాండిల్ తిప్పితే బెయిలు అనే తీగ చుట్టూ తిరుగుతూ దారాన్ని మళ్లీ స్పూలుకు చుడుతుంది.

పెంబర్తి చెప్పే లోహాల లెక్క

హైదరాబాదు నుంచి వెళ్తుంటే జనగామ కంటే ముందు పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకుల మీద నగిషీలు చెక్కే ఊరు. కాకతీయుల కాలం నుంచీ పేరున్న ఈ కళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇత్తడి బిందెను చింతపండుతో తోమే ప్రతి ఇల్లాలికీ తెలుసు... లోహాన్ని పట్టించుకోకపోతే రంగు మారుతుందని. రీలుకూ అదే సూత్రం.

లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. రీలు మీద పడ్డ తుంపర ఆరిపోతుంది గానీ ఉప్పు పోదు. సందుల్లో దాక్కుని గాలిలోని తేమను మళ్లీ మళ్లీ పీల్చుకుంటుంది. రెండు వేర్వేరు లోహాలు ఆనుకున్నచోట ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీలా పనిచేసి, ఒక లోహాన్ని తినేస్తుంది.

ఇక బరువు సంగతి. మెగ్నీషియం బాడీ బాగా తేలిక, కానీ పైపూత లేచిందా... ఉప్పుకు ముందుగా లొంగేది అదే. అల్యూమినియం గట్టిది, పెద్ద చేప లాగినా వంగదు. దానికీ పూత చెదరకూడదు. గ్రాఫైటు కలిపిన ప్లాస్టిక్ బాడీ తుప్పు పట్టదు, తేలిక కూడా. బరువు పడితే మాత్రం కాస్త వంగుతుంది. చిన్న, మధ్యరకం చేపల కోసం తొలి రీలు కొనేవారికి ఈ మూడోది నిరపాయం.

డబ్బా మీద ఎన్ని బేరింగులని రాశారో చూసి మురిసిపోవద్దు. అవి ఎంత బాగా మూసి ఉన్నాయన్నదే ముఖ్యం. ఉప్పునీటిలో తరచూ ముందు మొరాయించేది దారం ఒరుసుకుంటూ వెళ్లే లైన్ రోలరే. కొనేటప్పుడు దాన్ని వేలితో తిప్పి చూడాలి.

బయ్యారం గట్టు మీద...

జనగామలో రైలెక్కి కాజీపేట మీదుగా మానుకోట... అదే మహబూబాబాద్ చేరుకోవచ్చు. అక్కడి నుంచి ఇల్లందు దారిలో బయ్యారం పెద్దచెరువు వస్తుంది. గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువిది. ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశచరిత్రకు ఓ ముఖ్య ఆధారం.

ఇలాంటి చెరువుల్లో గాలం వేసేవాళ్ల కలల చేప కొర్రమట్ట. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. గాలి పీల్చుకోవడానికి నీటిపైకి వస్తుంది, కప్పను చూస్తే ఎగిరి అందుకుంటుంది. అందుకే రబ్బరు కప్పను తామరాకుల మధ్య విసిరి, ఆపి ఆపి లాగుతారు. పొద్దున్నే మొదలుపెడితే మూడొందల సార్లయినా విసరాలి. రీలు బరువేమిటో మణికట్టుకు తెలిసేది అప్పుడే! సాధారణంగా 2500 సైజు రీలు 200 నుంచి 250 గ్రాములుంటుంది. 4000 సైజుకు వెళ్తే 300 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. చెరువుకూ, సముద్రపు ఒడ్డున తేలికపాటి వేటకూ కలిపి ఒకటే కొనాలనుకుంటే 2500 లేదా 3000 సరిపోతుంది. పది కిలోల బరువు తట్టుకునే సన్నని అల్లిక దారం 150 మీటర్లు పడితే చాలు. అల్లిక దారం స్పూలు మీద జారుతుంది కాబట్టి అడుగున కొంచెం తంగూసు చుట్టాలి.

డ్రాగ్ అంటే రీలుకు బ్రేకు లాంటిది. చేప గట్టిగా లాగితే దారం తెగకుండా కొద్దికొద్దిగా వదులుతుంది. దారం బలంలో మూడో వంతుకు మించి బిగించకూడదు. పది కిలోల దారానికి మూడు కిలోలు దాటొద్దన్నమాట. చిన్న స్ప్రింగు త్రాసు కొసకు కట్టి లాగితే లెక్క తేలిపోతుంది. దారం మెత్తగా కదలాలి. కుదుపుతో మొదలైతే ఆ రీలు వద్దు.

గోదారి పరీక్ష

భూపాలపల్లికి రైలు లేదు. వరంగల్, హన్మకొండల నుంచి బస్సులో వెళ్లాలి. దారిలో గణపురం, కోటగుళ్లు, గణపసముద్రం చెరువు. ఇంకా ముందుకు వెళ్తే కాళేశ్వరం... ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. భక్తులు స్నానాలు చేసే ఘాట్ల దగ్గర గాలం వేయకూడదు. బరాజ్‌ల ఛాయలకూ పోకూడదు. కాస్త ఎడంగా, పారే నీటిలో చూస్తే గేర్ల విలువ తెలుస్తుంది. 5.2:1 అని రాసి ఉంటే హ్యాండిల్ ఒక్క చుట్టుకు బెయిలు ఐదు చుట్లకు పైగా తిరుగుతుందని అర్థం. కప్పను నెమ్మదిగా లాగడానికి అది చాలు. సముద్రంలో పార లాంటి చేపలు వేగంగా పారిపోయే ఎరను వెంటాడతాయి. అక్కడ 6:1 పైన ఉంటే చేతికి శ్రమ తగ్గుతుంది.

సముద్రం నుంచి వచ్చాక

ఎంత ఖరీదైన రీలైనా ఇంటికొచ్చాక స్నానం చేయించకపోతే ఏడాది తిరక్కుండానే గరగరలాడుతుంది. డ్రాగ్ బిగించి, కుళాయి నీటిని సన్నగా పోయాలి. బకెట్లో ముంచినా, పైపుతో జోరుగా కొట్టినా ఉప్పు లోపలికే వెళ్తుంది. తుడిచి, నీడలో ఆరబెట్టి, డ్రాగ్ వదులు చేసి దాచాలి. రోలర్ మీద ఒక్క నూనె చుక్క మరవొద్దు.

గట్టుకో మర్యాద

చాలా చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. సరదాగా పట్టే ఒక్క చేప ఇంకొకరి ఇంట్లో పొయ్యి వెలిగించే చేప కావచ్చు. అందుకే ముందు సంఘం వాళ్లను అడగాలి. మరో మాట. వానాకాలంలో ఎర్రెర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే అడుగున తల్లీతండ్రీ కొర్రమట్టలు కాపలా ఉంటాయి. దగ్గరికొచ్చిన దేన్నయినా కరుస్తాయి. కాబట్టి పట్టడం చాలా తేలిక! కానీ ఆ కాపలా పోయిందంటే పిల్లలన్నీ పక్క చేపల పాలే. వచ్చే ఏడు గట్టు మీద అందరూ ఉత్త చేతులతో కూర్చోవాలి.

సముద్రానికి పోయే రీలు ఉప్పును తట్టుకోవాలి. దాన్ని పట్టుకున్న చేతికి మాత్రం ఎప్పుడు విసరకూడదో కూడా తెలియాలి. ఆ చదువుకు సూర్యలంక దాకా పోనక్కర్లేదు... ఊరి చెరువు చాలు!