పేరు మారింది... హక్కు పోయింది!

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు వెంకన్న గుడి గుర్తొస్తుంది. హారర్ సినిమా అభిమానులకు మాత్రం నగరానికి ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని ఈవాన్స్ సిటీ శ్మశానమే పుణ్యక్షేత్రం! 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' మొదటి సన్నివేశం తీసింది ఇక్కడే మరి.

దర్శకుడు జార్జ్ రొమేరో, మిత్రులు కలిపి పదిమంది తలా 600 డాలర్లు వేసుకుని మొదలుపెట్టిన సినిమా అది. తీయడమైతే తీశారు... కొనేవాళ్లేరీ? నలుపు తెలుపు బొమ్మ వద్దంది కొలంబియా. ముగింపు మార్చమంది అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్. చివరికి సొంత థియేటర్లున్న వాల్టర్ రీడ్ సంస్థ ముగింపు జోలికి పోకుండా 1968లో విడుదల చేసింది. పేరు మాత్రం మార్చింది.

'నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్' అన్న పాత టైటిల్ తీసేసి కొత్తది పెట్టారు. పాతదాని కింద ఉన్న కాపీరైట్ ముద్ర కొత్తదాని మీదికి రాలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ముద్ర లేకపోతే హక్కు లేనట్టే. ఇంకేముంది... ఎవరు పడితే వాళ్లు ప్రింట్లు వేసుకున్నారు, క్యాసెట్లు అమ్ముకున్నారు. సినిమా ఊరూరా ఆడింది కానీ, ఆ సొమ్ములో చాలాభాగం తీసినవాళ్లకు దక్కలేదు.

సినిమా తీసి అమ్మబోయేవాళ్లెవరైనా ఇక్కడికొస్తే సమాధుల్ని చూసి భయపడక్కర్లేదు. టైటిల్ కార్డు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి!