మా హాస్టల్ టీవీ చెప్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మా బ్యాచ్ వాళ్లం ఫోన్లలో చాలాసేపు మాట్లాడుకున్నాం. ట్రంకు పెట్టెల గురించి రాద్దామని ఒకరు, చారులో పప్పు బద్దలు వెతుక్కున్న సంగతి రాద్దామని ఒకరు, శివరాత్రికి శంభులింగేశ్వర స్వామి జాతరలో ఎడ్ల పందేలు చూడ్డానికి గోడ దూకిన ముచ్చట రాద్దామని ఇంకొకరు అన్నారు. అవన్నీ ప్రతి సంచికలోనూ వచ్చేవే. చివరకు డైనింగ్ హాల్లోని టీవీ గురించి రాద్దామని తేలింది. ఎందుకంటే ఆ టీవీ ముందే మేము ఒకసారి రెండు ముక్కలయ్యాం. మళ్లీ ఒకటి కావడానికి ఏళ్లు పట్టింది.

మేము 2007 జూన్‌లో ఆరో తరగతిలో చేరాం. అప్పుడు సూర్యాపేట జిల్లా లేదు, మేళ్లచెరువు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. టీవీ గోడకు ఎత్తుగా ఇనుప పెట్టెలో ఉండేది. దాని తాళంచెవి వాచ్‌మన్ తాత మొలతాడుకు ఉండేది. రాత్రి అన్నాలయ్యాక అరగంట వార్తలు మాత్రం చూడనిచ్చేవారు. "వార్తలు చూస్తే జనరల్ నాలెడ్జ్ వస్తుందిరా" అనేవారు వార్డెన్ సార్. మేము కూడా బుద్ధిగా నోట్‌బుక్కు పట్టుకుని కూర్చునేవాళ్లం. ముఖ్యమంత్రి పేరు, గవర్నర్ పేరు రాసుకునేవాళ్లం!

మేము పెరిగినట్టే చానళ్లూ పెరిగాయి. 2003 చివర ఈటీవీ2, 2004లో టీవీ9 అప్పటికే వచ్చేశాయి. మేము చేరిన ఏడాదే ఎన్టీవీ, 2009 మార్చిలో సాక్షి, అదే ఏడాది అక్టోబరులో ఏబీఎన్ ఆంధ్రజ్యోతి, 2011లో టీ న్యూస్ వచ్చాయి. వైఎస్ రాజశేఖరరెడ్డి గారు "ఆ రెండు పత్రికలు" అని వెక్కిరించడం పెద్దవాళ్లందరికీ తెలిసిన మాటే. ఆ పత్రికల తగాదా చానళ్లలోకి వచ్చి మా పళ్లేల దాకా చేరింది. 2009 సెప్టెంబరు 2న ఆయన హెలికాప్టర్ కూలిపోవడం, నవంబరు 29న కేసీఆర్ దీక్ష, డిసెంబరు 9 ప్రకటన... ఆ నాలుగు నెలల్లో అరగంట వార్తలు రెండు గంటలయ్యాయి. నోట్‌బుక్కులు పోయాయి. అరుపులు మొదలయ్యాయి.

మాలో ఇద్దరు ప్రాణస్నేహితులు ఉండేవారు. పేర్లెందుకు లెండి, ఇద్దరూ ఇది చదువుతారు. ఒకడి నాన్న సిమెంటు పనికి పోయే కూలీ. ఆయనకు గుండె జబ్బు చేస్తే ఆరోగ్యశ్రీ కార్డు మీద హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. ఆ ఇంట్లో దేవుడి పటం పక్కనే వైఎస్ ఫొటో ఉండేది. వాడికి సాక్షి పెట్టాల్సిందే. రెండోవాడిది కృష్ణ ఒడ్డున పులిచింతల ముంపులో పోయే ఊరు. ఆ ప్రాజెక్టు పనులు మొదలైంది కూడా వైఎస్ హయాంలోనే. ఇల్లు, చేను, వాళ్ల తాత సమాధి అన్నీ నీళ్లలోకి పోతాయని వాడు రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. సాక్షి పెడితే వాడు లేచి ఏబీఎన్ పెట్టేవాడు. ఒకడు "పచ్చ మీడియా" అంటే, ఒకడు "నీది దొంగ మీడియా" అనేవాడు. ఆ మాటలేవీ వాళ్ల సొంతం కాదు. టీవీలో విన్నవే.

ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరూ చెప్పింది నిజమే. ఒకే ప్రభుత్వం ఒకడి నాన్నను బతికించింది, ఒకడి ఊరిని ముంచబోతోంది. ఈ రెండు నిజాలూ ఒకే బెంచీ మీద కూర్చుని అన్నం తింటున్నాయి. కానీ టీవీలో ఏ చానల్ పెట్టినా అందులో ఒక్క నిజానికే చోటు ఉండేది.

2011లో ఒక రాత్రి రిమోట్ కోసం పెనుగులాటలో స్టీలు పళ్లెం గాల్లోకి లేచింది. రెండోవాడి కనుబొమ్మ చిట్లింది, కుట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. డైనింగ్ హాల్లో రెండు వరుసలు పడ్డాయి. ఎవరు ఏ వరుసలో కూర్చుంటే ఆ పార్టీ! అసలు ఏ పార్టీ తెలియని ఆరో తరగతి పిల్లలు కూడా ఎక్కడ కూర్చోవాలో తెలియక తలుపు దగ్గర నిలబడి తినేవారు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

వాచ్‌మన్ తాత మాకో శిక్ష వేశాడు. టీవీ పెట్టాడు గానీ సౌండ్ పూర్తిగా తీసేశాడు. "ఇగ సూడుండ్రి బిడ్డా, ఎవరు గెలుస్తున్నరో చెప్పుండ్రి" అన్నాడు. మాటలు లేకుండా చూస్తే ఏముంది? నలుగురు మనుషులు నాలుగు డబ్బాల్లోంచి వేళ్లు చూపించుకుంటున్నారు, నోళ్లు తెరుస్తున్నారు. మధ్యలో యాంకర్ చేతులు ఊపుతున్నాడు. మొదట మాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఆ బొమ్మలు అచ్చం మాలాగే ఉన్నాయి. చాలా ఏళ్లకు, 2016 ఫిబ్రవరి 19న, ఎన్డీటీవీ ఇండియాలో రవీశ్ కుమార్ తెరను నల్లగా చేసి చర్చల అరుపులు మాత్రమే వినిపించారని తెలిసినప్పుడు మాకు తాత గుర్తొచ్చాడు. తాత బొమ్మ ఉంచి మాట తీసేశాడు, ఆయన మాట ఉంచి బొమ్మ తీసేశారు. రెండింటిలోనూ తెలిసేది ఒక్కటే.

ఇక మోటారు సంగతి. 2012లో పదో తరగతి పరీక్షలకు ముందు బోరు మోటారు కాలిపోయింది. మూడు రోజులు నీళ్లు లేవు. బకెట్లు పట్టుకుని రోడ్డు మీద వరుసగా నడిచి నీళ్లు తెచ్చుకున్నాం. ఒక విలేకరి అన్న బండి మీద వచ్చి వీడియో తీశాడు. పాపం ఆయనకూ సరైన జీతం లేదు. వార్త పడితేనే డబ్బులు. మాతో పాటే కింద కూర్చుని పులిహోర తిన్నాడు. "తమ్ముడూ, వీడియో ఒకటే. కానీ పంపిన చోటును బట్టి మాట మారుతుంది" అని ముందే చెప్పాడు.

ఆయన చెప్పినట్టే జరిగింది. ఒక చానల్‌లో మా బకెట్ల వరుస చూపించి ప్రభుత్వం విద్యార్థుల గొంతు ఎండబెడుతోందని అన్నారు. ఇంకో చానల్‌లో అదే వరుస చూపించి ప్రతిపక్షం పిల్లలను రెచ్చగొట్టి రోడ్డెక్కించిందని అన్నారు. మమ్మల్ని ఎవరూ రెచ్చగొట్టలేదు, స్నానానికి నీళ్లు లేక వెళ్లాం! మోటారు ఎన్ని హెచ్‌పీది, ఎందుకు కాలింది, వోల్టేజి ఎంత వస్తోంది అని ఎవరూ అడగలేదు. నాలుగో రోజు ఊళ్లో మెకానిక్ అన్న వైండింగ్ చేసి బిగించాడు. నీళ్లు వచ్చాయి. ఆ వార్త ఏ చానల్‌లోనూ రాలేదు.

ఆ రాత్రి ఎవరూ రిమోట్ అడగలేదు. మొదటిసారి మాకందరికీ ఒకేసారి విసుగు పుట్టింది. పార్టీ ఉన్నవాడికీ, లేనివాడికీ. టీవీలో ఉన్నది మనం కాదని, మన బకెట్లు మాత్రమేనని అర్థమైంది.

బయటికి వచ్చాక చూసింది ఇంకా ఎక్కువ. మన ఊరు సరిహద్దు ఊరు కాబట్టి ఒక వింత దగ్గరగా చూశాం. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9ను, ఏబీఎన్‌ను ఆపేశారు. ఇక్కడ రాని చానల్ జగ్గయ్యపేటలో చుట్టాలింటికి వెళ్తే వచ్చేది! 2019లో అక్కడ ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 అక్కడి కేబుల్‌లో కనపడకుండా పోయాయి. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఈసారి సాక్షి, టీవీ9, ఎన్టీవీ ఆగిపోయాయి. విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు అవతలివాడి నోరు నొక్కడమే. అవతలివాడి చానల్ పోయినప్పుడు చప్పట్లు కొట్టినవారే, తమ చానల్ పోయినప్పుడు పత్రికా స్వేచ్ఛ అన్నారు.

2025 జూన్ సంగతి చూడండి. సాక్షి చర్చలో ఒక అతిథి అమరావతి మహిళల గురించి అన్న మాటలకు యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అదే నెల 28న హైదరాబాదులో మహా న్యూస్ ఆఫీసు మీద బీఆర్ఎస్ కార్యకర్తలు దాడి చేశారు. అంతకుముందు 2021 ఫిబ్రవరిలో ఏబీఎన్ చర్చలో ఒక నాయకుడు ఇంకో నాయకుడిని ప్రత్యక్ష ప్రసారంలోనే చెప్పుతో కొట్టాడు. మా హాస్టల్‌లో పళ్లెం లేస్తే వార్డెన్ సార్ వచ్చి ఆపారు. వాళ్లకు వార్డెన్ ఎవరు?

మా బ్యాచ్‌లో ఒకడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. అక్కడా ఇదే గోల అంటాడు. రెండు వైపులా చెప్పాలన్న పాత నిబంధనను అక్కడ 1987లో ఎత్తేశారట. 1996లో ఫాక్స్ న్యూస్, ఎంఎస్ఎన్‌బీసీ రెండూ వచ్చాయి. ఫాక్స్‌లో బిల్ ఓరైలీ, ఎంఎస్ఎన్‌బీసీలో కీత్ ఓల్బర్‌మన్ ఏళ్ల తరబడి ఒకరినొకరు తిట్టుకున్నారు. ఓల్బర్‌మన్ 2011లో, ఓరైలీ 2017లో ఆ చానళ్ల నుంచి వెళ్లిపోయారు. యాంకర్లు పోయారు గానీ ఇళ్లలో పడ్డ గీత పోలేదంటాడు మావాడు.

మరి చానల్ పక్షం వహించడమే తప్పా? మేము అలా అనుకోవడం లేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక పెట్టారు. మూగవారి నాయకుడు అని దాని అర్థం. అది నూటికి నూరుపాళ్లు ఒక పక్షం పత్రికే. నోరు లేనివాళ్ల పక్షం, అదీ బాహాటంగా! ఆయనే 1943లో పూణేలో ప్రసంగిస్తూ, ఒకప్పుడు వృత్తిగా ఉన్న పత్రికా రంగం వ్యాపారమైపోయిందని, సబ్బులు తయారుచేసేవాడికి ఉన్నంత నైతిక బాధ్యతే దానికీ మిగిలిందని బాధపడ్డారు.

ఆయన సబ్బు అన్నారు, మన ఊళ్లో అయితే సిమెంటు అనాలేమో. 2018లో టీవీ9 నడిపే కంపెనీలో మెజారిటీ వాటాలు కొన్నవారిలో మై హోం గ్రూపు పెద్దలు ఉన్నారు. మన ఊరి మహా సిమెంటు ఫ్యాక్టరీ ఆ గ్రూపుదే. సాక్షి జగన్‌మోహనరెడ్డి గారి కుటుంబానిది. టీ న్యూస్ బీఆర్ఎస్ వారిది. వీ6 వివేక్ గారి కుటుంబానిది. టీవీ5 అధిపతి బీఆర్ నాయుడు గారు 2024లో తిరుమల తిరుపతి దేవస్థానం చైర్మన్ అయ్యారు. చానల్ ఉండటం, వ్యాపారం ఉండటం నేరం కాదు. కానీ దుకాణం ఎవరిదో తెలియకుండా సరుకు కొనకూడదు కదా!

మాలో సగం మంది ఇప్పుడు వార్తలు చూడటమే మానేశారు. "ఎవడు చూస్తాడు, రెండూ అబద్ధాలే" అంటారు. ఆ విసుగు మాకూ ఉంది. అయితే విసిగి ఇంట్లో కూర్చుంటే నష్టం ఎవరికి? 2024లో తెలంగాణ ప్రభుత్వం హాస్టల్ మెస్ చార్జీలు పెంచింది. ఏడో తరగతి వరకు నెలకు 950 రూపాయలు 1,330 అయ్యాయి. ఎనిమిది నుంచి పది వరకు 1,100 రూపాయలు 1,540, కాలేజీ వాళ్లకు 1,500 రూపాయలు 2,100 అయ్యాయి. రోజుకు లెక్కేస్తే ఎంత, ఆ డబ్బుతో గుడ్డు వస్తుందా, పాలు వస్తాయా అని ఒక్క రాత్రి చర్చ చూశామా అని మేము ఒకరినొకరం అడిగాం. ఒక్కరికీ గుర్తు లేదు. వాళ్లు అడగరు. మనం కూడా విసిగి అడగడం మానేస్తే ఇక అడిగేవాడు ఉండడు.

తమ్ముళ్లారా! మీ చేతుల్లో ఇప్పుడు ఫోన్లు ఉన్నాయి, ఇనుప పెట్టె లేదు, తాళం లేదు. మీకు చెప్పదలచుకున్నది మూడే మాటలు. ఒక వార్త నమ్మే ముందు ఆ చానల్ ఎవరిదో తెలుసుకోండి. అదే వార్త అవతలి చానల్‌లో ఎలా వచ్చిందో ఒకసారి చూడండి. మన ఊరి సంగతి అయితే స్వయంగా వెళ్లి చూసి రండి. మోటారు దగ్గరికి వెళ్లినవాడికే అది ఎందుకు కాలిందో తెలుస్తుంది.

ఆ ఇద్దరు స్నేహితుల సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. పులిచింతల ప్రాజెక్టును 2013 డిసెంబరులో ప్రారంభించారు. నీళ్లు నిలపడం మొదలయ్యాక రెండోవాడి ఊరు ఖాళీ అయింది. సామాన్లు ఎక్కించే రోజు ట్రాక్టర్ మీద ఎవరు వచ్చారనుకున్నారు? మొదటివాడు, వాడితో పాటు ఆపరేషన్ చేయించుకున్న వాళ్ల నాన్న. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మంచం ఒక కొస వీడు పట్టాడు, రెండో కొస వాడు పట్టాడు. తలుపు చెక్కలు ఊడదీశారు. చివరకు తాత సమాధి దగ్గర మట్టి గుప్పెడు తీసి గుడ్డలో కట్టింది మొదటివాడే. "ఇది మర్చిపోతవేమో, పట్టుకోరా" అన్నాడు. మూడేళ్ల తర్వాత వాళ్ల మధ్య మొదటి మాట అదే.

అక్కడ ఏ కెమెరా లేదు. ఉంటే ఆ మూటకు కూడా ఏదో ఒక రంగు పూసేవారు.

హాస్టల్ చల్లగా ఉండాలి. డైనింగ్ హాల్లో ఎప్పుడూ ఒకటే వరుస ఉండాలని కోరుకుంటూ...

మీ అన్నలు,
2012 పదో తరగతి బ్యాచ్