పాలు విరిగితే మంచి కబురు

1980ల నడుమ ఆదోనిలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా ఉండేవాణ్ణి. షుగరు చూపించుకునే పత్తి వ్యాపారులే మాకు పెద్ద గిరాకీ. గర్భం నిలిచిందో లేదో చెప్పే కిట్టు కూడా ఉండేది. దాంతోనే కాన్సరును కనిపెట్టాల్సి వచ్చింది.

ఎమ్మిగనూరు నుంచి ఒక నేతాయన వారం వారం తొలి బస్సుకు వచ్చేవాడు. సంచిలో హార్లిక్స్ సీసా, అందులో భార్య తెల్లవారుజామున పట్టిచ్చిన మూత్రం. ఆమెకు ముత్యాల గర్భం, అంటే బిడ్డకు బదులు నీటిబుడగల గుత్తి పెరిగే గర్భం. కర్నూలు పెద్దాసుపత్రిలో తీసేశారు. ఆ తర్వాత, మా కిట్టు పట్టే హెచ్‌సీజీ హార్మోను వారం వారం తగ్గిపోవాలి. తగ్గక నిలబడినా, మళ్లీ పెరిగినా కోరియోకార్సినోమా అనే కాన్సరేమోనని అనుమానించాలి.

ముందు మూత్రాన్ని స్పిరిట్ దీపం మీద కాచి ఆల్బుమిన్ లేదని చూసుకునేవాణ్ణి. ఉంటే ఫలితాన్ని నమ్మలేం. తర్వాత సెలైన్‌తో పదింతలు, వందింతలు పలచన చేసి, నల్లటి స్లైడు మీద చుక్క వేసి, యాంటీసీరం కలిపి, ఆపైన లేటెక్స్ చుక్క. పుల్లతో తిప్పి రెండు నిమిషాలు ఊపాలి. హార్మోను లేకుంటే విరిగిన పాలలా పలుకులు తేలతాయి, ఉంటే నున్నగా ఉండిపోతుంది. కొత్త టెక్నీషియన్లు దీన్ని తలకిందులుగా చదివేవాళ్లు. నేతాయన మాత్రం త్వరగానే పట్టేశాడు. కిటికీ దగ్గర నిలబడి, "ఏమన్నా, విరిగిందా?" అనేవాడు.

మొదట్లో వందింతలకూ విరగనిది, పోనుపోను పదింతలకే విరిగింది. మురిసిపోయాం. ఆ తర్వాత ఒక సోమవారం వందింతల చుక్క మళ్లీ నున్నగా ఉండిపోయింది. ఇంకో స్లైడు మీదా అంతే. చీటీ రాసిచ్చి కర్నూలుకు పంపా. అక్కడ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. మెతోట్రెక్సేట్ మొదలుపెట్టారు.

ఆ మందుతో ఈ కాన్సరును నయం చేయొచ్చని 1956లో అమెరికాలో తేల్చింది మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు. గడ్డలు కరిగిపోయినా మూత్రంలో హార్మోను ఉన్నంతకాలం మందు ఆపకూడదని లీ మొండికేశాడు. ఆ మొండితనానికి ఉద్యోగమే పోయింది, కానీ అతని మాటే నిలిచింది. ఒక్క చుక్కతో అన్ని కాన్సర్లూ చెప్పేస్తామంటే నేను నమ్మను. ఈ ఒక్క రోగానికి మాత్రం మూత్రం చెప్పినంత సూటిగా అప్పట్లో మాకు ఇంకేదీ చెప్పలేదు.

కొన్ని నెలలకు, పలచన చెయ్యకుండానే విరిగింది. స్లైడుకు అందని కాస్త హార్మోను మిగిలిందేమోనని డాక్టర్లు రక్తం కూడా పంపించి, ఆ తర్వాతే మందు ఆపారు.

ఆ మందు పుట్టిన అమెరికా లెడర్లీ ల్యాబులో పరిశోధనలు నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావని నేతాయనతో చెప్పా.

"మన తెలుగాయనేనా! మరి అంత రేటేందన్నా?" అన్నాడు.