చెవిజోడు

కళ్ళజోడు కొనేటప్పుడు మనం ముందుగా వైద్యుని దగ్గరకు వెళ్ళి చూపు పరీక్ష చేయించుకొంటాము. ఆ తరువాతనే అంగడిలో చట్రం ఎంచుకొంటాము. హెడ్‌ఫోనుల విషయంలో మాత్రం ఈ వరుస తలక్రిందులైంది. వినేవారి చెవి ఎటువంటిది, ఉండే ఇల్లు ఎటువంటిది, వినేది ఏమిటి అన్నది ఆలోచించకుండా ఖరీదునుబట్టి సరుకు మంచిచెడ్డలు తేల్చేవారే ఎక్కువ. ఈ మధ్య మా ఇంట మేలురకం హెడ్‌ఫోను ఒకటి, దానికి తోడుగా ఆంప్లిఫయరు ఒకటి కొనవలసివచ్చింది. కావలసినది పెద్ద సరుకు, చేతిలో ఉన్నది చిన్న సొమ్ము. గుమాస్తా ఉద్యోగంలో మాకు అబ్బిన విద్య కూడికలు, తీసివేతలే గనుక ఆ విద్యనే నమ్ముకొని పని సాగించాము. ఆ లెక్క మన సంఘ కుటుంబాలలో మరి నలుగురికి అక్కరకు వస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాము.

మేముండేది చెన్నపట్నం పెరంబూరులో రెండు గదులు, ఒక వసారా గల పోర్షను. ఇంట్లో తెలుగు, వీధిలోనూ ఆఫీసులోనూ అరవం. నాయనగారికి ఎనభై నిండినవి. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వాయులీనాన్ని చిన్నతనంలో ఈ పట్నంలోనే ఎదుట కూర్చుని విన్నవారాయన. నాయుడుగారు 1964లో స్వర్గస్థులైనారు. వారి పాత రికార్డులు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నవి. కాని నాయనగారికి వినపడేటంత బిగ్గరగా పెడితే పదవ తరగతి చదివే అమ్మాయికి పాఠం తలకెక్కదు. తగ్గిస్తే ఆయనకు సంగీతం అందదు. ఒకనాటి సాయంకాలం ఆయనే ఫోను మూసి, “ఏమప్పా, బిడ్డ చదువుకోనీ. నేను విన్నది చాల్లే” అన్నారు. ఆయనకు మిగిలిన సరదా అదొక్కటే. దానిని కూడా మాకోసం వదలుకొంటానంటే మేము ఊరుకోవడం ఎట్లా?

కరువుభత్యం బకాయిలు 40,000 రూపాయలు ఆ నెలలోనే చేతికి వచ్చినవి. మా ఇంటావిడ, “ముందు మామయ్యగారి చెవులు చూపించండి, ఆ తరువాత ఏ యంత్రమైనా కొనండి” అన్నది. ఆ మాట ప్రకారమే నడచుకొన్నాము. పరీక్షలో తేలినదేమంటే, మంద్రమైన ధ్వనులు ఆయనకు చాలవరకు బాగానే వినపడుతున్నవి. హెచ్చు స్థాయి ధ్వనులు మాత్రం వయస్సుతోపాటు క్షీణించినవి. “శబ్దం మొత్తంగా పెంచినంత మాత్రాన పోయినది తిరిగిరాదు. మాట స్పష్టంగా తెలియడానికి వినికిడి యంత్రం కావాలి” అని వైద్యుడు చెప్పాడు. కాబట్టి 20,000 రూపాయలు ఆ యంత్రానికి ప్రక్కన పెట్టాము. సంగీతానికి మిగిలినది 20,000. ఇక ఆ హద్దు దాటరాదని పద్దు వ్రాసుకొన్నాము.

హెడ్‌ఫోనులలో మూసినవి, తెరచినవి అని రెండు తెగలు. మూసినదానికి వెనుక డిప్ప గట్టిగా ఉంటుంది. లోపలి శబ్దం బయటకు, బయటి శబ్దం లోపలకు అంతగా పోదు. తెరచినదానికి వెనుక జల్లెడవంటి కప్పు. దానిలో సంగీతం చెవిలో కుక్కినట్టుగాక ఎదుట గదిలో మ్రోగినట్టు కాస్త విశాలంగా వినిపిస్తుంది. అయితే శబ్దం బయటకు కారుతుంది. చదువుకొనే పిల్ల ఉన్న ఇంట మూసినదే తగునని మొదట అనుకొన్నాము. మిత్రుల దగ్గర ఒకటి అడిగి తెచ్చి నాయనగారికి పెట్టి చూచాము. పది నిమిషాలకే తీసివేసి, “నేను మాట్లాడితే నా గొంతు బావిలోనుంచి వస్తూంది” అన్నారు. అమ్మాయి రెండుసార్లు “తాతా” అని పిలిచినా ఆయనకు వినపడలేదు. పెద్ద వయస్సువారిని ఇంటినుంచి వేరుచేసే వస్తువు ఇంట్లో ఉండరాదు. అందువల్ల తెరచినదే ఖాయం చేసి, ఆయన కుర్చీని వసారాలోకి మార్చాము. తలుపు చేరవేస్తే ఆ కాస్త రొద లోపలకు రాదు.

ఇక ఏ రకం? ఖరీదు హెచ్చితే వినికిడి హెచ్చుతుందని ఒక నమ్మకం ఉన్నది. 2017లో యెరూన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోనుల కొలతలు పరిశీలించి, వాటి ధరకూ, అవి ధ్వని స్థాయిలను పలికించే తీరుకూ పొత్తు లేదని ప్రకటించాడు. ఇది చదివిన తరువాత మాకు ధైర్యం వచ్చింది. సెన్‌హైజర్ వారి హెచ్.డి. 650 అనే రకం 2003లో వెలువడినది. గాత్రానికీ, తీగవాద్యాలకూ పేరుబడ్డది. చెవిమెత్తలు, తీగ, తలపట్టె మెత్త అన్నీ ఊడదీసి కొత్తవి వేసుకొనవచ్చును. అటువంటి వస్తువు పాతదైనా భయం లేదు. ఒకరు వాడినదానిని కళ్ళారా చూచి, రెండు ప్రక్కలా సమంగా పలుకుతున్నదని విని, 15,000కు తీసుకొన్నాము. ఆ హెడ్‌ఫోనుల వ్యాపారాన్ని 2022లో కొన్న స్విట్జర్లాండు సంస్థ సొనోవా వినికిడి యంత్రాలు తయారుచేసేదే. మా పద్దులోని రెండు ఖర్చులకు ఈవిధంగా బంధుత్వం కుదరడం చూచి నాయనగారు నవ్వుకొన్నారు.

ఆంప్లిఫయరు దగ్గరకు వచ్చేసరికి లెక్క మొదలైనది. ప్రతి హెడ్‌ఫోనుకూ రెండు అంకెలు చూడాలి. ఒకటి, విద్యుత్తుకు అది చూపే అడ్డు. దీనిని ఓమ్‌లలో చెప్తారు. రెండు, ఇచ్చిన బలానికి అది ఎంత గట్టిగా పలుకుతుందన్నది. దీనిని డెసిబెల్‌లలో చెప్తారు. మా తాతగారి నాటి క్రిస్టల్ రేడియోకు కరెంటూ లేదు, ఆంప్లిఫయరూ లేదు. ఏరియల్ తీగకు అందిన శక్తితోనే పలకాలి గనుక 2,000 ఓమ్‌ల ప్రాంతపు చెవిగొట్టాలు వాడేవారు. నేటి రకాలలో 32 ఓమ్‌లవి ఉన్నవి, 300 ఓమ్‌లవి ఉన్నవి. ఓమ్‌లు ఎక్కువైతే వోల్టులు ఎక్కువ కావాలి. తక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఒకే ఆంప్లిఫయరు రెండింటికీ సమంగా తగకపోవచ్చును.

మా హెడ్‌ఫోను 300 ఓమ్‌లది. ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెల్‌లు పలుకుతుందని కంపెనీవారి లెక్క. వోల్టులు రెట్టింపైతే 6 డెసిబెల్‌లు కలుస్తవి. కచేరీలో ఒక్క క్షణం ఎగసే శబ్దానికి 110 వరకు చోటుంచినా, రెండుంబావు వోల్టులు సరిపోతవి. శక్తి రూపంలో చెప్పాలంటే అది 17 మిల్లీవాట్లు మాత్రమే. “వెయ్యి మిల్లీవాట్లు, రెండువేల మిల్లీవాట్లు” అని పెట్టె మీద అచ్చువేసినవారికి నమస్కరించి పక్కకు తప్పుకొనడానికి మాకీ లెక్క చాలింది. మామూలుగా వినేవారికి, కొత్త రికార్డులకు, ఫోనుకు తగిలించే చిన్న అడాప్టరు ఇచ్చే ఒక వోల్టే చాలవచ్చును. అందుచేత ముందు ఆంప్లిఫయరు లేకుండా విని చూడమని మా సలహా. నాయనగారు వినే పాత రికార్డుల ధ్వనే మందకొడిగా ఉన్నందువల్ల మాకు అదనపు బలం అవసరమైనది.

రెండవ సంగతి, ఆంప్లిఫయరు తన లోపల ఉంచుకొనే అడ్డు. ఇది ధాన్యం కొలిచే చోట దళారి తీసే తరుగువంటిది. హెడ్‌ఫోను ఓమ్‌లు అన్ని స్వరస్థాయిలలో ఒకేవిధంగా ఉండవు. మా దానికి మంద్రంలో 300 దాటి 500 దరిదాపులకు పోతవి. ఓమ్‌లు ఎక్కువ ఉన్నచోట తరుగు తక్కువ, తక్కువ ఉన్నచోట తరుగు ఎక్కువ. దళారి పెద్దవాడైతే మంద్రం ఉబ్బి, సంగీతం తూకం తప్పుతుంది. ఆంప్లిఫయరు అడ్డు హెడ్‌ఫోను ఓమ్‌లలో ఎనిమిదోవంతుకు మించకూడదని వాడుకలో ఒక సూత్రం ఉన్నది. మా దానికి 37 ఓమ్‌ల వరకు ఫరవాలేదు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోనుకైతే 4 దాటరాదు.

2011లో తన పేరు బయటపెట్టని ఒక ఇంజనీరు ఓ2 అనే చిన్న ఆంప్లిఫయరును రూపొందించాడు. మంచి కొలతలకు పెద్ద ధర అక్కరలేదని చూపడమే అతని పట్టుదల. ఎవరింట వారు చేసికొనేటందుకు దాని పటమంతా ఉచితంగా ప్రకటించి, 2012లో మౌనం వహించాడు. దాని లోపలి అడ్డు అర ఓమ్. వచ్చిన వోల్టును రెండున్నర రెట్లు చేసే మీట ఒకటి ఉన్నది. అడాప్టరు ఇచ్చేది ఒక వోల్టు. రెండున్నర రెట్లయితే రెండున్నర వోల్టులు. మాకు కావలసినది రెండుంబావు. ఇంతకన్న కుదిరే జత ఏమున్నది? ఆఫీసులో మా ప్రక్కబల్ల మిత్రుని కుమారుడు బోర్డు తెప్పించి, రిచీ వీధిలో దొరికిన భాగాలు కొని, టంకం పెట్టి ఇచ్చాడు. ఖర్చు 3,800. అడాప్టరు 900. మొత్తం 19,700. మిగిలిన 300 అమ్మాయి పరీక్ష పెన్నులకు పోయినవి.

వసారాలో మొదటిరోజు నాయుడుగారి పాత రికార్డు పెట్టి ముందుగా మేము విన్నాము. మంచి హెడ్‌ఫోను లోపాలను కూడా దాచదు. పాత పళ్ళెం తాలూకు చుర్రుమనే సన్నని రొద కమాను పలికే ప్రతి పలుకునూ వెంబడించి వచ్చింది. ఆ సంగతి నాయనగారితో అంటే, తానూ పెట్టుకొని చాలసేపు విని, “రొద ఏదప్పా? నాకు ఫిడేలే వినిపిస్తూంది” అన్నారు. ఆయన చెవి పోగొట్టుకొన్న స్థాయిలోనే ఆ రొద ఉన్నది కాబోలు. కమాను తీగను తాకే అంచు కూడా కొంత ఆయనకు అందదని మాకు తెలుసు. ఆ మాట మేము ఎత్తలేదు. “చెవిజోడు బాగుంది” అని ఆయనే దానికి పేరు పెట్టారు.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదని అమెరికా ఆరోగ్యసంస్థవారి కట్టడి; పైన ప్రతి 3 డెసిబెల్‌లకూ వ్యవధి సగమవుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు 80 డెసిబెల్‌లు వారానికి 40 గంటలని, పిల్లలకు 75 అని చెప్పింది. వినికిడి మందగించినవారు తెలియకుండానే మరలు త్రిప్పుతారు; ఉన్నది కూడా పోతుంది. అందుచేత మా ఇంటావిడ ఆంప్లిఫయరు మర పక్కన గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టింది. ప్రక్కన కూర్చుని పిలిస్తే నాయనగారు పలికేంతవరకే ఆ చుక్క. దానిని దాటడానికి ఇంట్లో ఎవరికీ అనుమతి లేదు.

కాబట్టి చదువరులకు మేము మనవి చేసేది ఇంతే. మొదటి రూపాయి చెవి పరీక్షకు, తరువాత పెద్దవాటా హెడ్‌ఫోనుకు, చివరకు అవసరమైతేనే ఆంప్లిఫయరుకు. ఆంప్లిఫయరు సంగీతాన్ని సృష్టించదు. అడిగినంత బలం అందించి పక్కకు తొలగితే అదే దాని గొప్ప. ఓమ్‌లు, వోల్టులు, డెసిబెల్‌లు అనే మూడు అంకెలు కాగితం మీద వేసికొని అంగడికి వెళ్ళినవారిని ఏ వర్తకుడూ తొందరపెట్టలేడు.